గీటురాయి మీద గీత

సాంఘికశాస్త్రం మాస్టారు సెలవు పెట్టిన రోజున ఆ పీరియడు తెలుగు పండితుడి నెత్తిన పడడం మన పాఠశాలల్లో మామూలే. అలా ఒకనాడు నేను ఎనిమిదో తరగతికి వస్తుమార్పిడి పాఠం చెప్పవలసి వచ్చింది. ధాన్యం పుచ్చిపోతుంది, ఆవును ముక్కలు చేయలేము, బంగారం అరుదైనది, చెడనిది, కనుక ప్రాచీనులు దానిని ద్రవ్యంగా ఎంచుకొన్నారు అని పుస్తకంలో ఉన్నదే వల్లించాను. వెనుక బల్ల మీది కుర్రవాడు లేచి, "అరుదైతే విలువ వస్తుందాండీ? మా ఊళ్లో రెండు తలల దూడ పుట్టింది, ఎవరూ కొనలేదు" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేను వాడిని గదిమి కూర్చోబెట్టాను.

పదవీవిరమణ తరువాత తీరికగా చదువుకొంటున్నకొద్దీ, ఆనాడు నోరు మూసుకోవలసినవాడిని నేనేనని తెలిసివచ్చింది.

బంగారానికి విలువ రావడం వేరు, బంగారం ద్రవ్యం కావడం వేరు. ఈ రెంటికీ నడుమ వేల యేండ్ల దూరం ఉంది. బల్గేరియాలోని వర్నా వద్ద 1972లో బయటపడిన శ్మశానవాటికలో సుమారు ఆరు కిలోల బంగారం దొరికింది. అది క్రీ.పూ. 4500 ప్రాంతం నాటిది. అదంతా మృతుల అలంకారమే. ఈజిప్టువారు దేవతల శరీరమే బంగారమని నమ్మారు. కుళ్లక, తుప్పు పట్టక, మసి బారక ఉండే వస్తువును చూసి, మరణమంటే భయపడే మనిషి చేతులు జోడించడంలో వింత లేదు. దూడకు లేనిదీ బంగారానికి ఉన్నదీ అదే. అయితే ఆ ఈజిప్టులోనే సమాధులు తొలిచే పనివాళ్లకు జీతం ధాన్యం. సరుకుల వెల కట్టేది రాగి తూకంతో. బాబిలోనులో హమ్మురాబి శాసనం జరిమానాలను వెండిలో చెబుతుంది. ఇంకా రాజ్యాలలో గుడి గోడలకు బంగారు రేకులు తొడిగిన ఇంకాలు బంగారంతో బజారు చేయలేదు. మెక్సికోలో చిల్లర సరుకు కొనడానికి కోకో గింజలు చెల్లేవి. అరుదుదనమే కారణమైతే ఇవన్నీ ఎందుకు ఇలా జరిగాయి?

నా అభిప్రాయం ఇది. పూజకు నమ్మకం చాలు. బేరానికి పరీక్ష కావాలి. బంగారం నిజమో కల్తీయో క్షణంలో తేల్చే ఉపాయం దొరికిన తరువాతనే అది ద్రవ్యంగా నిలదొక్కుకొన్నది.

ఇందుకు నాకు నచ్చిన సాక్ష్యం ఈజిప్టులోని అమర్నా వద్ద దొరికిన మట్టిపలకల లేఖలలో ఉంది. అవి క్రీ.పూ. 14వ శతాబ్దం నాటివి. బాబిలోను రాజు బుర్నబురియాష్ ఈజిప్టు రాజుకు ఫిర్యాదు రాసుకొన్నాడు: తమరు పంపిన ఇరవై మినాల బంగారాన్ని కొలిమిలో పెడితే ఐదు మినాలైనా తేలలేదని. తరుగు మరీ ఇంతా! రాజుకు సొంత కొలిమీ కంసాలులూ ఉన్నారు కనుక తెలిసింది. సంతలో గొఱ్ఱెను అమ్ముకొనేవాడు కొలిమి ఎక్కడ తెస్తాడు?

ఆ చిక్కు విడిపోయింది పశ్చిమాసియాలోని లిడియాలో, క్రీ.పూ. 7వ, 6వ శతాబ్దాలలో. అక్కడి పాక్టోలస్ నది ఇసుకలో దొరికేది వెండి కలిసిన బంగారం. సమాన బరువున్న రెండు ముద్దలలో బంగారం పాలు సమానమని చెప్పలేము. రాజు వాటిపై సింహం తల ముద్ర వేయించి పూచీ పడ్డాడు. ఆ తరువాత క్రీసస్ కాలంలో బంగారాన్నీ వెండినీ వేరు చేసి వేర్వేరు నాణేలు వేయించారు. ఆ శుద్ధిశాల అవశేషాలు 1968లో సార్డిస్ తవ్వకాలలో బయటపడ్డాయి. బంగారపు రేకులను ఉప్పుతో కలిపి మట్టిపాత్రలలో మూసి, కరగనంత వేడిలో గంటల తరబడి ఉంచేవారు. వెండి ఉప్పుతో కలిసి పాత్ర గోడలలోకి ఇంకిపోయేది. మన కంసాలుల భాషలో ఇది పుటం పెట్టడమే! గ్రీకులు గీటురాయిని లిడియా రాయి అనే పిలిచారు. ముద్రా, పుటమూ, రాయీ ఒకచోట చేరాయి.

వెండినీ పరీక్షించవచ్చు కదా అంటే, ఔను. ప్రాచీనుల నిత్యవ్యవహారం చాలావరకు వెండితోనే సాగింది. మన తొలి నాణేలైన కార్షాపణాలూ వెండివే.

మనవారికీ ఈ విద్య కొత్త కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సువర్ణాధ్యక్షుడి విధులు చెబుతూ నికషం మీద గీత రంగును చూడడం, అందులో జరిగే మోసాలను కనిపెట్టడం వివరంగా రాశాడు. 'వర్ణం' తెలుగులో 'వన్నె' అయింది. వన్నె అంటే రంగు, బంగారపు మేలిమి కూడా. పదహారువన్నె బంగారమన్నప్పుడు మనం తెలియకుండానే ఆ రాతి మీది గీతను తలచుకొంటున్నాము. 'నిష్కం' ఋగ్వేదంలో కంఠాభరణం. పాణిని నాటికి దానితో కొన్నదానిని 'నైష్కికం' అన్నారు. మెడలోని నగ వెలకట్టే కొలతగా మారిన క్రమం ఒక్క పదంలో ఉంది.

తెలుగునేలను ఏలిన శాతవాహనులు మాత్రం ఎక్కువగా సీసంతోనూ రాగి మిశ్రమాలతోనూ నాణేలు వేశారు. రోమునుంచి బంగారం వచ్చింది. పల్నాటి వినుకొండలో ఆ చక్రవర్తుల బంగారు నాణేలు దొరికాయి. మనదేశంలో దొరికిన రోమను నాణేలలో కొన్నింటిపై ఉలిగాటు కనిపిస్తుంది. లోపల ఏముందో చూడడానికి వేసినదని కొందరంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది. మరికొన్నింటికి బెజ్జం ఉంది, గొలుసుకు గుచ్చడానికి. నిష్కం నగనుంచి ద్రవ్యమైతే, ఇవి ద్రవ్యంనుంచి నగకు తిరిగివచ్చాయి. మన కాసులపేరు వేరే చెప్పాలా?

మా అమ్మకూ ఒక కాసులపేరు ఉండేది. నా పండిత శిక్షణకు డబ్బు కావలసివచ్చి దానిని తాకట్టు పెట్టడానికి నన్ను వెంట తీసుకొని వెళ్లింది. షావుకారు మా కుటుంబాన్ని మూడు తరాలుగా ఎరిగినవాడే. "కూర్చో అమ్మా" అని మర్యాద చేసి, మంచినీళ్లు ఇప్పించి, పేరు అందుకొని, నల్లరాయి మీద ఒక కాసును గీశాడు. నాకు చిన్నతనంగా తోచి మొగం పక్కకు తిప్పుకొన్నాను. అమ్మ మాత్రం ముందుకు వంగి, ఆ గీతను ఆయనతో పాటు తానూ చూసింది.