విడిచిన బట్టలు – విడవని హోదా

హోటలుకి వెళ్ళి ముందు బట్టలు విప్పి, ఆ తర్వాత టిఫినుకి ఆర్డరిచ్చే రోజు వస్తుందా అని అడిగితే మనవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. కాని ఆ వింత జరిగింది. 2016 వేసవిలో లండన్‌లో ‘ది బునియాది’ అనే రెస్టారెంటు కొద్ది నెలల కోసమని వెలిసింది. పేరు మన దేశపు మాటే. కొవ్వొత్తుల వెలుగు, వెదురు తడికెలు, మట్టి పాత్రలు. ఫోను లోపలికి తేరాదు. ఇష్టమైనవాళ్ళు వస్త్రాలు విడిచి కూర్చోవచ్చు. ఉన్న కుర్చీలు 42. పేరు నమోదు చేసుకుని ఎదురుచూసినవాళ్ళు నలభై వేలు దాటారు! రోజుకో బంతి చొప్పున వడ్డిస్తే అందరికీ విస్తరి వెయ్యడానికి రెండున్నరేళ్ళు పట్టేది.

ఇంతమందిని లాగిందేమిటి? కామమే అని తేల్చెయ్యడం సులువు. నేను ఒప్పుకోను. అదే కావలసినవాళ్ళకి అంత పెద్ద నగరంలో వేరే దారులు లేకనా, క్యూలో నిలబడి కూరగాయలు తినడం? మనిషికి తన వేషం మీద తనకే విసుగు పుడుతుంది. చొక్కా చూసి జీతం, చెప్పులు చూసి కులం, చీర చూసి శీలం లెక్కగట్టే చూపుల నుంచి ఓ పూట తప్పించుకోవాలనిపిస్తుంది. హాస్టలు మెస్సులో బనీనూ లుంగీతో కూర్చుని తిన్నవాడికి ఆ సుఖం వేరే చెప్పక్కర్లేదు. ఆకర్షణ నిజమైనదే.

మరి గిట్టుబాటు సంగతో? దానికి పారిస్ జవాబు చెప్పింది. 2017 నవంబరులో అక్కడ ‘ఓ నాత్యురెల్’ అనే దిగంబర భోజనశాల తెరిచారు. కిటికీలకి దట్టమైన తెరలు. బట్టలూ ఫోనూ గుమ్మం దగ్గరే అప్పగించాలి. భోజనం సుమారు 50 యూరోలు. ఆ ఏడాదే పారిస్ నగరపాలక సంస్థ వాన్సెన్ వనంలో కొంత జాగాని దిగంబర విహారానికి కేటాయించింది. అంటే ఊరు అనుకూలమే, చట్టం అడ్డు రాలేదు, పత్రికలు కావలసినంత ప్రచారం చేసిపెట్టాయి. అయినా 2019 ఫిబ్రవరిలో తలుపులు మూసేశారు. కారణం: చాలినంత మంది రాలేదు.

ఇందులో నాకు ఆశ్చర్యం లేదు. హోటలు బతికేది మొదటిసారి వచ్చినవాడి మీద కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చేవాడి మీద. తిరునాళ్ళకి జనం వేలల్లో వస్తారు. అంతమాత్రాన తిరునాళ్ళ రోజూ జరగదు. కుతూహలం ఒక్క భోజనంతో తీరిపోతుంది. ఇక నగ్నంగా ఉండడమే అలవాటైనవాళ్ళకి దక్షిణ ఫ్రాన్సులో కాప్ దాగ్ద్ వంటి పెద్ద విడిదులున్నాయి. అక్కడ ఎండా, సముద్రమూ, ఇళ్ళూ, దుకాణాలతో పాటు రెస్టారెంట్లూ ఉంటాయి. వాళ్ళు బట్టలు విప్పడానికి హోటలుకి వెళ్ళరు. విప్పి ఉన్నారు గనక అలాగే వెళ్ళి తింటారు. ఆ తేడాయే వ్యాపారాన్ని నిలబెడుతుంది, లేదా పడగొడుతుంది.

అయితే లాభనష్టాల కన్నా నన్ను ఆలోచింపజేసింది మరొకటి. పారిస్ హోటల్లో తినేవాళ్ళు దిగంబరులు. వడ్డించేవాళ్ళు మాత్రం బట్టలతోనే ఉన్నారు. సమానత్వం బిల్లు కట్టగలిగినవాళ్ళ మధ్యనే! చొక్కా కొక్కేనికి తగిలించారు గాని పర్సు బరువు తగ్గలేదు. మన దగ్గర దిగంబర జైన ముని వస్త్రంతో పాటు ఇల్లూ, ధనమూ, చివరికి కంచం కూడా వదిలేస్తాడు. రోజుకి ఒక్కసారి, నిలబడి, దోసిట్లోనే ఆహారం స్వీకరిస్తాడు. మన దిగంబర కవులు 1965లో తొలి సంపుటిని ఓ రిక్షా కార్మికుడి చేత, 1966లో రెండోదాన్ని ఓ హోటలు కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. వాళ్ళ కవిత్వంతో మీకు పేచీ ఉంటే ఉండొచ్చు. కాని ఎంగిలి కంచాలెత్తే మనిషిని సభ మధ్య నిలబెట్టడంలో ఉన్న దిగంబరత్వం, తెరలు దించుకున్న ఆ హాల్లో నాకు కనిపించదు.

మిత్రులారా, ఇదంతా మనకెందుకు అంటారా? మన కాలేజీల్లో వీడ్కోలు విందులొస్తున్నాయంటే చాలు, అబ్బాయిలకి సూటు, అమ్మాయిలకి పట్టుచీర అని ‘డ్రెస్ కోడ్’ పెడుతున్నారు. అరువు కోటు దొరికినవాడు వస్తాడు. దొరకనివాడు ‘ఒంట్లో బాలేదు’ అని గదిలో పడుకుంటాడు. ఆ మాట నిజమేనా అని మనలో ఎవరూ వెళ్ళి అడగరు. లండన్‌లో నలభై వేలమంది ఎదురుచూసింది, ఎవరూ తమ బట్టల్ని తూకం వెయ్యని ఒక్క భోజనం కోసమే అయితే, అది పెట్టడానికి మనం ఎవరి బట్టలూ విప్పనక్కర్లేదు. ఆహ్వానపత్రం మీద ఆ ఒక్క వాక్యం కొట్టేస్తే చాలు. వచ్చే ఏడాది మన యూనియన్ ఆ పని చెయ్యాలని నా అభ్యర్థన. కాదనేవాళ్ళుంటే కారణం చెప్పండి, వింటాను.