అద్దెకు దొరకని పొర

శ్రీనగర్ నుంచి గుల్‌మార్గ్ వెళ్లే దారిలో తంగ్‌మార్గ్ అనే చిన్న ఊరొస్తుంది. చలికాలంలో అక్కడ బండి దిగీ దిగగానే దుకాణాల వాళ్లు పలకరిస్తారు. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, బరువైన కోట్లు, చేతి తొడుగులు అన్నీ అద్దెకిస్తారు. పైకి వెళితే స్కీలు, వాటి బూట్లు, ఊతకర్రలు కూడా అద్దెకే. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో మంచు చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ కోట్లు తొడుక్కుని, ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటూ ఫొటోలు దిగుతుంటారు.

అన్నీ అద్దెకు దొరికే ఆ దారిలో ఒక్కటి మాత్రం దొరకదు. ఒంటిని ఆనుకుని ఉండే లోపలి పొర. దాన్ని ఇంటి దగ్గరే ఆలోచించి, కొని, వెంట తెచ్చుకోవాలి.

మంచులో కాసేపు నిలబడి వచ్చేసేవాళ్లకు ఏ థర్మల్ అయినా సరిపోతుంది. స్కీయింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్ల సంగతి వేరు. మొదటి రోజంతా పడటం, లేవడం, వాలు మీద అడ్డంగా అడుగులేస్తూ మళ్లీ పైకెక్కడం. చుట్టూ గడ్డకట్టే చలి, లోపల మాత్రం వీపంతా చెమట. తర్వాత గాండోలా అనే రోప్‌వే కోసం వరుసలో నిలబడతాం. కదలిక ఆగుతుంది, గాలి తగులుతుంది. అప్పటిదాకా పట్టిన చెమటంతా ఒక్కసారిగా చల్లబడి వెన్నులోంచి వణుకు పుడుతుంది.

చలి ఎప్పుడూ బయటి నుంచే వస్తుందనుకుంటాం. కొండ మీద అది చాలాసార్లు మన చొక్కా లోపలే పుడుతుంది. గాలితో పోలిస్తే నీరు ఒంట్లోని వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. అందుకే కొండలెక్కేవాళ్లు నూలు బనీను వేసుకుని మంచులోకి రావద్దని కొత్తవాళ్లకు పదే పదే చెబుతారు.

ఆ మాట వింటే మనకు కాస్త కష్టంగానే ఉంటుంది. నూలు మన ప్రాణం కదా. రోహిణీ కార్తె ఎండల్లో చెమటను పీల్చుకుని, నెమ్మదిగా ఆరుతూ, ఒంటిని చల్లబరిచేది ఆ బట్టే. అక్కడ హాయినిచ్చిన గుణమే ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. అది నూలు తప్పేమీ కాదు. చోటు మారింది, అంతే.

కాశ్మీరులో ఇళ్ల దగ్గర కూర్చున్నవాళ్లు వదులైన ఫెరన్ అంగీ తొడుక్కుని, దాని లోపల కాంగ్డీ పెట్టుకుంటారు. మట్టి పిడతలో బొగ్గు నిప్పులు, చుట్టూ అల్లిన బుట్ట. చూస్తేనే వెచ్చగా అనిపిస్తుంది. కానీ వాలు మీద జారేవాళ్లు నిప్పులు మోసుకుపోలేరు. వాళ్లకు ఒళ్లే కుంపటి. లోపలి పొర ఆ కుంపటిని రాజేయదు. దాని మీద నీళ్లు పడకుండా చూస్తుంది. చెమటను చర్మం మీద నిలవనీయకుండా పై పొరకు చేరవేయడమే దాని పని.

ఆ పనికి చాలామంది మెరినో గొర్రెల ఉన్నిని ఇష్టపడతారు. దాని పోగు మందం తరచూ 20 మైక్రాన్లకు లోపే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఈ ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను లోపల దాచుకుని కూడా పైకి పొడిగానే అనిపిస్తుంది. ఆవిరిని పీల్చుకునేటప్పుడు కొద్దిగా వెచ్చదనాన్ని కూడా ఇస్తుంది. రెండు మూడు రోజులు వరసగా తొడుక్కున్నా అంతగా వాసన రాదు.

ఉన్ని గొప్పతనం మనకు కొత్తేమీ కాదు. పాలమూరు పల్లెల్లో గొర్రెల కాపరి గొంగడిని తల మీదుగా కప్పుకుని వానలో మంద వెంట నడుస్తుంటే, పైన తడిసినా లోపల వెచ్చగానే ఉంటుంది. గొంగడి నేసే దక్కనీ గొర్రె ఉన్నిదీ మెరినో ఉన్నిదీ ఒకటే స్వభావం. తేడా అంతా పోగు మందంలో ఉంది. 30 మైక్రాన్లు దాటిన పోగు వంగకుండా చర్మాన్ని పొడుస్తుంది. అందుకే గొంగడి పైన కప్పుకోవడానికి, మెరినో ఒంటిమీద తొడుక్కోవడానికి.

మెరినో ఖరీదెక్కువ. పలుచటిది త్వరగా చిరుగుతుంది, పురుగు పడుతుంది. పాలిస్టర్ చవక, గట్టిది, ఇట్టే ఆరిపోతుంది. నీటిని దాదాపుగా పీల్చుకోదు, పోగుల మధ్య సందుల్లోంచి చెమటను పైకి లాగి పంపేస్తుంది. కాకపోతే ఒక్క రోజుకే వాసన పడుతుంది. ఏది తీసుకున్నా ఒంటికి అంటుకుని ఉండాలి, బిగుసుకోకూడదు. వంగినప్పుడు వీపు మీంచి పైకి జరగకూడదు. పైజామా అంచు స్కీ బూటులోకి దిగకూడదు. బూటు లోపల ఒక్క సన్నని మేజోడు చాలు. ఒక్క మడత ఉన్నా సాయంత్రానికి కాలు కందిపోతుంది.

ఇలాంటి చిన్న విషయాల గురించి తీరిగ్గా ఆలోచించినవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. 1933లో హెన్రిక్ బ్రున్ అనే నార్వే సైనికాధికారి చేపల వలలతో బనీను కుట్టించాడు. వల కళ్లలో నిలిచిన గాలి ఒంటిని వెచ్చగా ఉంచుతుంది, చెమట ఆవిరి బయటికి పోతుంది. 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందం బట్టల్లో అలాంటి వల బనీన్లు కూడా ఉన్నాయి. శిఖరం మీద జెండాలు కట్టిన మంచుగొడ్డలి ఎత్తి నిలబడిన ఆ బృందంలోని టెన్సింగ్ ఫొటో చూడనివాళ్లు తక్కువ. అందులో కోటు కనిపిస్తుంది, ముసుగు కనిపిస్తుంది. లోపలి బట్ట ఎవరికీ కనిపించదు.

కనిపించనిదాన్ని ఎంచుకోవడం ఒక రకమైన ప్రేమ. అమెరికా చదువులకు బయల్దేరే పిల్లల కోసం మన ఊళ్లలో థర్మల్స్ కొనే తల్లులను చూస్తే నాకు అలాగే అనిపిస్తుంది. ఆ తల్లి మంచును సినిమాల్లో తప్ప చూసి ఉండకపోవచ్చు. అయినా బట్టను వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. మెడ దగ్గర ఆనించుకుంటుంది. కుట్లు తిరగేస్తుంది. ‘ఒంటికి గుచ్చుకోదు కదా బాబూ?’ అని దుకాణంలో కుర్రాడిని అడుగుతుంది. మైక్రాన్ల లెక్కలన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి.

మంచి లోపలి పొరను గుర్తించడం తేలిక. తొడుక్కున్న కాసేపటికి అది ఉందన్న సంగతే మరచిపోతాం. ఒంటికి గుచ్చుకోదు. ఒళ్లు తడవదు, వణకదు. అప్పుడే కళ్లకు తీరిక దొరుకుతుంది. దేవదారు కొమ్మల మీద పేరుకున్న మంచు కనిపిస్తుంది. మబ్బు లేని రోజైతే గుల్‌మార్గ్ నుంచి దూరాన 8,126 మీటర్ల నంగా పర్బత్ కూడా కనిపిస్తుంది. చలితో ముడుచుకున్న మనిషికి అవేవీ కనిపించవు.

జీవితంలో మనల్ని నిలబెట్టినవాటిలో చాలా వరకు ఇలా మరపున పడ్డవే. వేళకు అందిన అన్నం, రాత్రి ఎవరో కప్పిన దుప్పటి, అడగకముందే కట్టేసిన ఫీజు. అవి సరిగ్గా అమరాయి కాబట్టే వాటి గురించి ఆలోచించకుండా పెరిగాం. కృతజ్ఞత చెప్పలేదని ఎప్పుడైనా మనసు చివుక్కుమనవచ్చు. కానీ ఇచ్చినవాళ్లు కోరుకున్నది అది కాదేమో.

సెలవు రోజున స్నేహితులతో కలిసి ఏ కొలరాడో కొండ మీదో మొదటిసారి జారుతున్న అమ్మాయి ఆ క్షణంలో అమ్మను తలచుకోకపోవచ్చు. పడుతూ లేస్తూ నవ్వుకుంటూ ఉండవచ్చు. తలచుకునే అవసరమే రాలేదంటే, అమ్మ బట్ట చూసి మరీ కొన్నదన్నమాట.