కట్టెలు కొట్టువాని కూలి

"ఎట్లును వానికి వేఱొక పని యున్నది, ఇది పై సంపాదనయే గదా!" యను మాట హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములందు కట్టెలు కొట్టింపబోవు గృహస్థుల నోట తఱచుగ వినబడుచుండును. ఈ మాట పలుకువారు దుర్మార్గులు కారు. చదువుకొన్నవారు, ధర్మకార్యములకు చందాలిచ్చువారు, సంఘసంస్కారమును గుఱించి సభలలో ప్రసంగించువారును వారిలో గలరు. కాని యీ చిన్నమాట చాటున నొక పెద్ద యన్యాయము దాగియున్నదనియు, సంస్కారాభిమానులమని చెప్పుకొను గృహములే దానిని మొట్టమొదట విడువవలెననియు మా యభిప్రాయము.

గ్యాసుపొయ్యిలు వచ్చిన పిమ్మట కట్టెలతో పని యేమని కొంద ఱడుగవచ్చును. ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకమును, దేశమంతటను 2016లో ఉజ్జ్వల పథకమును ఆరంభమైన తరువాత పేదయిండ్లకును గ్యాసు చేరినమాట నిజమే. అయినను పెరటిలో స్నానపునీళ్ళు కాచుటకు, పెండ్లివంటలకు, హోటళ్ళ పొయ్యిలకు, హిందూపురమున పట్టుగూళ్ళనుండి దారము తీయువారి వేడినీటి తొట్లకు, ధర్మవరమున పట్టునకు రంగువేయువారి కాగులకు, తుదకు శ్మశానమున చితికిని కట్టెలు కావలసియే యున్నవి. అడితినుండి వచ్చునవి మొద్దులు. పొయ్యిలో పట్టునవి చీలికలు. ఆ మొద్దు చీలిక యగుటకు నడుమ నొక మనిషి వెన్ను వంగవలెను.

ఆ మనిషి చాలవఱకు కట్టెలు కొట్టుటయే వృత్తిగా గలవాడు కాడు. ఈ మూడూళ్ళును 2022 ఏప్రిల్ వఱకు అనంతపురము జిల్లాలోనివి. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. జిల్లా పేరు మాఱినను మేఘముల త్రోవ మాఱలేదు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమ యిది. పెనుకొండ పల్లెలలో వేరుసెనగ పెఱికి, కాయ కోసి, బస్తాల కెత్తిన పిమ్మట మరల తొలకరివఱకు మెట్టపొలమున కూలిపని యుండదు. ధర్మవరమున గుంతమగ్గముపై నేయువానికి వాన గట్టిగా కురిసినను చిక్కే. గుంతలో చెమ్మయూరి నేత నిలిచిపోవును. పడుగు ముగిసిన తరువాత క్రొత్తపడుగు చేతికి వచ్చువఱకు నూరక గడచు దినములు వేఱు. అట్టి దినములందు రైతుకూలియు నేతగాడును గొడ్డలి భుజముపై వైచుకొని వీధులవెంట బయలుదేఱుదురు. దీనికి మనము పెట్టిన ముద్దుపేరు పై సంపాదన. పైన కుమ్మరించుటకు అడుగున నిండిన కుండ యుండవలెను గదా! ఇక్కడ కుండయే వెలితిగా నున్నది.

నేతగాని సంగతి మఱింత విచారింపదగినది. గొడ్డలికామ పట్టిన యఱచేయి రెండుమూడు దినములలో బొబ్బలెక్కి, పిదప కాయలు గాయును. పట్టుపోగు మిక్కిలి సున్నితమైనది. గరుకుదేఱిన వ్రేలికి తగులుకొని లేచును, తెగును. అంచున పోగు లేచిన చీరకు వెల తగ్గును. కావున నాలుగుదినములు కట్టెలు కొట్టి తెచ్చుకొన్న కూలికి, మరల మగ్గమెక్కినప్పుడు వాని చేతినైపుణ్యమే వడ్డీ చెల్లించుచున్నది. ఆ పై సంపాదన అసలు సంపాదనను కొఱుకుచున్నను బేరమాడు గృహస్థునకు కానరాదు.

ఇక పని యెట్టిదో చూతము. కట్టెలు కొట్టుటకు బలము చాలును, నేర్పక్కఱలేదని మనవారి నమ్మకము. కోస్తానుండి వచ్చు సరుగుడుమొద్దున నార నిలువుగ సాగియుండును. సూటిగ నొక దెబ్బ వేసిన రెండగును. మన చింతమొద్దున నార పెనవేసికొని యుండును. గొడ్డలి దిగి యిఱుకుకొనును. ఇనుపచీల నిలిపి సమ్మెటతో మోదవలసి వచ్చును. ముడి యెక్కడ నున్నదో, బీట యెటు సాగునో కనిపెట్టి దెబ్బ వేయనిచో గొడ్డలి జాఱి కాలిపై పడును. ఇక సర్కారుతుమ్మ యున్నది. అమెరికాఖండపు చెట్టిది, 1877 ప్రాంతమున జమైకానుండి విత్తనములు తెప్పించి కడపజిల్లా కమలాపురమున నాటిరి, నేడు ఈ సీమలో చెఱువుకట్టలను బీళ్ళను ఆక్రమించియున్నది. దాని ముల్లు దిగినచోట వాచి, చీముపట్టి, దినములతరబడి బాధించును. ఆ దినముల కూలి యెవ రిత్తురు?

ఈ పనివలన మనకు గలుగు మేలు పొయ్యి వెలుగుటతోనే తీఱదు. పచ్చిమొద్దు బరువులో సగమువఱకు నీరే యుండవచ్చును. చీల్చినగాని యా నీరు త్వరగా ఆఱదు. ఆఱని కట్టె మంటకంటె పొగ నెక్కువగ నిచ్చును. ఇండ్లలోని వంటపొగ మొదలగు వాయుకాలుష్యమువలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. సన్నగ చీల్చి, ఎండలో పేర్చిపోయినవాడు మన యింటి యాడువారి కన్నులకును ఊపిరితిత్తులకును కొంత మేలు చేసిపోయినాడన్నమాట.

ఇట్టి పనికి కూలి తగ్గించుటకు చూపు కారణ మేమి? వానికి వేఱొక జీవనాధార ముండుటయట! ఈ న్యాయము అందఱికిని చెల్లునేమో చూతము. మా యుపాధ్యాయ వృత్తినే తీసికొందము. పగలు పాఠశాలలో జీతము పుచ్చుకొను ఉపాధ్యాయుడు సాయంకాలము ట్యూషను చెప్పిన, "అయ్యా, తమకు జీతమున్నది గదా, రుసుములో సగమే యిత్తుము" అని యే తండ్రియు అనడు. ఆసుపత్రిలో కొలువు గల వైద్యుడు ఇంటికి వచ్చి చేయిచూచిన ఎక్కువ యిచ్చుటయే మర్యాదగా నెంచుదుము. పెనుకొండ ప్రక్కనే యెఱ్ఱమంచియొద్ద 2019లో కియా కార్ల కర్మాగారమున ఉత్పత్తి ఆరంభమైనది. అట్టి కర్మాగారములందు నియమిత కాలమునకు మించి చేసిన పనికి రెట్టింపు వేతన మీయవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే విధించినది. అలసిన దేహముతో చేయు అదనపు పనికి అదనపు విలువ గలదని శాసనకర్తలు గ్రహించిరి. ఉపాధ్యాయునకు, వైద్యునకు, యంత్రము త్రిప్పువానికి పెరుగు వెల గొడ్డలి యెత్తువానికి మాత్రమే తఱుగుట యేమి ధర్మము?

"మేము బలవంతపెట్టలేదు, వాడే యొప్పుకొని చేసినాడు" అని కొందఱందురు. ఈ వాదమునకు దేశపు అత్యున్నత న్యాయస్థానమే యుత్తర మిచ్చినది. ఢిల్లీలో ఆసియాక్రీడలకై జరిగిన కట్టడములందలి కూలీల వ్యాజ్యమున 1982లో సుప్రీంకోర్టు, కనీస వేతనముకంటె తక్కువకు పనిచేయించుకొనుట రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించిన నిర్బంధశ్రమయే యని తీర్పు చెప్పినది. ఆకలియు దారిద్ర్యమును గూడ నిర్బంధములే యని వివరించినది. ఇంటిలో బియ్యము లేనివాడు ఊకొట్టిన దానిని సమ్మతి యని పేర్కొనుట భాషకే యపచారము. అప్పటి అనంతపురము జిల్లా బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధిహామీ పథకము ప్రారంభమైనది. త్రవ్విన మట్టిని కొలిచి కూలి లెక్కగట్టు పద్ధతిని పల్లెజనము కన్నులార చూచిరి. మన పెరటిలో మాత్రము కొలతయు లేదు, లెక్కయు లేదు. "ఈ కుప్పయంతయు ఇంతకు గుత్త" అందుము. పైన సన్నకట్టెలు చూపి, అడుగున ముడులుగల చింతమొద్దులు దాచుదుము. సాయంకాలమున చెప్పినదానిలో పది రూపాయలు తగ్గించి, పాతచొక్కా యొకటి చేతబెట్టి దాతలమగుదుము.

ఈ తక్కువచూపునకు మూలము పనియందు లేదు, చేయువాని పేదఱికమునందును, కొన్ని యిండ్ల ఇంకను చావని కులభావమునందును గలదు. ఇంగ్లండు ప్రధానియైన గ్లాడ్‌స్టన్‌కు హావర్డెనులోని తన యెస్టేటున గొడ్డలితో చెట్లు నఱకుట మిక్కిలి ప్రీతి. లోకము దానిని గొప్పవాని వ్యాయామమని కొనియాడినది. మన సీమకు దగ్గఱి కథయు నొకటి గలదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమునందును కన్నడదేశమునందును ప్రసిద్ధుడైన మోళిగ మారయ్య కల్యాణమున కట్టెలమ్మి జంగముల కన్నముపెట్టెను. బసవడు వాని యింట రహస్యముగ ధన ముంచిపోగా, దానిని తనకొఱకు ముట్టక జంగములకే యిచ్చివేసెనని కథ. కాయకష్టముతో వచ్చినదే తనది, దానముగ వచ్చినది తనది కాదని వాని నిష్ఠ. ఆ కథ విని చేతులు జోడించు మనము, కట్టెలు కొట్టువాడు వాకిట నిలిచి తన కూలి తా నడిగినపుడు దానము చేయువారివలె మొగము పెట్టుట యెంత విపరీతము!

"కూలి పెంచుమన్న కట్టెలు కొట్టించుటయే మానుదుము" అనువారికి మేము చెప్పునది యొకటే: మానుడు. లేదా గొడ్డలి మీరే పట్టుడు. ఇంటి కుఱ్ఱవాండ్రచేత సెలవుదినమున నొక్క చింతమొద్దు చీల్పించి చూడుడు. ఆ పని వెల యెంతయో మఱి యెవరును చెప్పనక్కఱలేదు. అదియు చేయజాలనిచో, చేయగలవానికి తగిన వెల యిచ్చుట తప్పదు.

మేము కోరునది దయ కాదు, పద్ధతి. గుత్త మాని తూకముపై కూలి నిర్ణయింపవలెను. సరుగుడున కొక రేటు, చింతకును ముండ్లతుమ్మకును అంతకుమించిన రేటు గొడ్డలి యెత్తకముందే చెప్పవలెను. కూలి యానాడే రొక్కముగ నీయవలెను. పాతబట్టయు మిగిలిన యన్నమును అందులో చెల్లువేయరాదు. మన పెరటిలో గాయపడినవాని వైద్యపుఖర్చును, పడియున్న దినముల కూలియు మనవే. దాహమడిగిన, ఇంటివారు త్రాగు లోటాతోనే నీ రీయవలెను. దోసిట పైనుండి పోయు నీచాచారము చదువుకొన్న యింట నుండదగదు. వాడు మగ్గము దిగి వచ్చినాడా, మడిచెక్క విడిచి వచ్చినాడా యని విచారించు నవసరము మనకు లేదు. మొద్దు చీలినదా యని చూచిన చాలును. మొద్దులను తూచి కొన్న కాటాపైననే చీలికలను తూచి కూలి యిచ్చుటకు క్రొత్తచట్ట మేదియు రానక్కఱలేదు. కట్టెలబండి ఈ మాఱు వాకిట నిలిచినపుడే ఆరంభింపవచ్చును.