స్టాంపింగ్‌కు బయల్దేరే ముందు ఆగండి

వ్యాలీ రాంచ్‌లో, లాస్ కొలీనాస్‌లో, ఇర్వింగ్ నలుమూలలా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇది హెచ్చరిక. పక్కనే డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం ఉంది, సెలవులున్నాయి, ఓసారి ఇంటికి వెళ్లి పనిలో పనిగా వీసా స్టాంపింగ్ కూడా చేయించుకుందామనిపిస్తుంది. టికెట్ కొనే ముందు లాయరుతో మాట్లాడండి. తప్పనిసరి కాకపోతే ప్రయాణం మానుకోండి.

హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాల తనిఖీ 2025 డిసెంబర్ 15న మొదలైంది. దాంతో హైదరాబాద్‌తో సహా ఇండియాలోని కాన్సులేట్లలో ఎన్నో ఇంటర్వ్యూలు 2026 మార్చికీ ఆ తర్వాతకీ వాయిదా పడ్డాయి. పెళ్లికో, అమ్మానాన్నలను చూడటానికో వెళ్లినవాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. ఉద్యోగం, ఇంటి అద్దె, పిల్లల బడి అన్నీ ఇక్కడే. మెక్సికోకో కెనడాకో వెళ్లి స్టాంపింగ్ చేయించుకునే దారి కూడా అంతకు ముందు సెప్టెంబరులోనే దాదాపు మూసుకుపోయింది.

దీన్ని ఒట్టి వీసా గొడవగా చూడకండి. దేశాల బలాబలాలు మారుతున్నాయి. చైనా ఎదుగుదలను నిలువరించాలని అమెరికా చూస్తోంది. ఏ పక్షానా పూర్తిగా చేరకుండా నిలబడాలని భారత్ చూస్తోంది. రష్యా చమురు కొంటున్నందుకు అమెరికా అదనపు సుంకం వేయడంతో 2025 ఆగస్టు 27న భారత సరుకులపై మొత్తం భారం 50 శాతానికి చేరింది. ఆంధ్ర రొయ్యకు అమెరికాయే పెద్ద మార్కెట్ కాబట్టి భీమవరం చెరువుల దాకా ఆ దెబ్బ తగిలింది. నెల తిరగకముందే, సెప్టెంబర్ 19న, కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. రెండింటి వెనకా ఒకే కారణం ఉందని నేననను. కానీ ఊళ్లో చెరువు సాగుచేసే తండ్రీ, ఇర్వింగ్‌లో కోడ్ రాసే కొడుకూ ఒకే నెలలో ఉలిక్కిపడ్డారు.

రుసుము ప్రకటించిన ఆ రాత్రి విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు కూడా దిగిపోయారు. కంపెనీలే వెంటనే వచ్చేయమని మెయిళ్లు పెట్టాయి కాబట్టి భయపడినవాళ్లను తప్పుపట్టలేం. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకూ, రెన్యువల్‌కూ ఆ రుసుము వర్తించదని మర్నాడు వైట్‌హౌస్ చెప్పింది. ఈలోగా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన వదంతులకు లెక్కలేదు. ఇకపై ఇలాంటి ప్రకటన వచ్చినప్పుడు ఉత్తర్వు పూర్తి పాఠం చదవండి. ఫార్వర్డ్ నమ్మి డబ్బు ఖర్చు పెట్టకండి.

మనవాళ్లు తక్కువగా మాట్లాడుకునే ప్రమాదం ఇంకొకటి ఉంది. నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది అదే. 2022 అక్టోబరులో అమెరికా వాణిజ్య శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం, చైనాలో అత్యాధునిక చిప్‌ల తయారీకి లైసెన్సు లేకుండా సాయపడటం నిషేధం. అమెరికా పౌరులతో పాటు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లూ ఆ నిషేధం కిందికి వస్తారు. ఎగుమతి నియంత్రణలో ఉన్న టెక్నాలజీని ఇక్కడే, డాలస్ ఆఫీసులోనే, హెచ్-1బి మీదున్న సహోద్యోగికి చూపించినా అతని దేశానికి ఎగుమతి చేసినట్టే చట్టం లెక్కేస్తుంది. అలాంటి డిజైన్ ఫైలు లైసెన్సు లేకుండా గచ్చిబౌలి స్నేహితుడికి పంపితే కేసు కావచ్చు, ఉద్యోగం పోవచ్చు, దేశం విడిచి వెళ్లాల్సి రావచ్చు. కంపెనీ ల్యాప్‌టాప్ ఇండియా తీసుకెళ్లాలంటే ముందు రాతపూర్వక అనుమతి తీసుకోండి. ముక్కూమొహం తెలియని విదేశీ సంస్థ లింక్డ్‌ఇన్‌లో పలకరించి, గంటకింత ఇస్తాం, మీ పని గురించి చెప్పండి అంటే జవాబివ్వకుండా కంపెనీకి తెలియజేయండి.

భయం ఉన్నచోటికి మోసగాళ్లు వస్తారు. ఇమ్మిగ్రేషన్ అధికారినంటూ ఫోన్ చేసి గిఫ్ట్ కార్డులు అడిగితే ఫోన్ పెట్టేయండి. ఏ ప్రభుత్వ శాఖా అలా డబ్బు అడగదు.

ఐ-797, ఐ-94, పే స్టబ్‌ల కాపీలు భార్యాభర్తలిద్దరికీ తెలిసిన చోట ఉంచండి. లాయరు నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. ఈ వారమే ఆ పని చేయండి.