చనుమొనల స్పర్శ సంగతి సంతకానికి ముందే చెప్పాలి



రొమ్ముల సైజు పెంచడానికో, తగ్గించడానికో, జారినవాటిని పైకెత్తడానికో ఆపరేషన్ చేసే ప్రతి చోటా, చనుమొనల్లో స్పర్శ మారవచ్చన్న మాటను ముందుగానే తెలుగులో రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలని ఈ కరపత్రం కోరుతోంది. నలుగురిలో నోరు తెరిచి అనలేని మాట కాబట్టే కాగితం మీద పెడుతున్నాం. డాక్టరు మొహమాటపడి చెప్పక, పేషెంటు సిగ్గుపడి అడగక, చివరికి మొద్దుబారిన ఒంటితో ఆమె ఒక్కతే మిగలడం న్యాయం కాదు.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే చెప్పాల్సిన అవసరమూ బోధపడుతుంది. చనుమొనకు స్పర్శ తెచ్చేవి పక్కటెముకల సందుల్లోంచి వచ్చే సన్నని నరాలు, ముఖ్యంగా మూడు, నాలుగు, ఐదో సందులవి. వాటిలో పెద్ద దిక్కు నాలుగోది. చంక వైపు నుంచి బయలుదేరిన దాని కొమ్మ చాలామందిలో ఛాతీ కండరం మీది పొరను అంటిపెట్టుకుని సాగి, రొమ్ము అడుగు నుంచి పైకి లేచి మొనను చేరుతుంది. సిలికాన్ ఇంప్లాంట్ కోసం సర్జన్ చోటు చేసేది ఆ దాపునే. కత్తి తగలకపోయినా, ఇంప్లాంట్ పెద్దదైతే నరం సాగిపోతుంది. తగ్గించే ఆపరేషన్‌లో మొనను దాని రక్తనాళాలు, నరాలు ఉన్న కొంత కండతో సహా నిలిపి పైకి జరుపుతారు. రొమ్ము మరీ పెద్దదైతే ఒక్కోసారి మొనను పూర్తిగా వేరుచేసి మళ్లీ అతికించాల్సి వస్తుంది. అప్పుడు మునుపటి స్పర్శ మీద ఆశ పెట్టుకోలేం. మొదటి నెలల్లో తిమ్మిరి మామూలే, ఏడాది రెండేళ్లలో చాలామందికి తగ్గుతుంది. కొందరికి స్పర్శ తిరిగి రాదు. మరికొందరికి జాకెట్టు గుడ్డ తగిలినా ఓర్చుకోలేనంత సున్నితమవుతుంది. ఇంకో సంగతీ దాచకూడదు: బరువుకు నరాలు సాగి ముందే స్పర్శ మందగించిన కొందరికి, ఆపరేషన్ తర్వాత అది మెరుగుపడుతుంది కూడా.

అందం కోసం కోరి చేయించుకున్నవాళ్లకు ఈ గోల దేనికని అడిగేవాళ్లున్నారు. అందరూ అందం కోసమే వెళ్లరు. బరువుతో మెడ, భుజాలు, నడుము లాగేస్తుంటే, బ్రా పట్టీల కింద గుంటలు పడుతుంటే, మన కోస్తా ఉక్కపోతలో రొమ్ముల కింద చర్మం ఒరుసుకుపోతుంటే వెళ్లేవాళ్లున్నారు. రొమ్ము పెరిగిందని కుంగిపోయి వెళ్లే మగపిల్లలూ ఉన్నారు. వాళ్లకూ ఇవే నరాలు. పోనీ అందం కోసమే అనుకుందాం. ప్రాణం మీదికి వచ్చిన ఆపరేషన్ కాదు కనుక, కూర్చోబెట్టి చెప్పడానికి తీరిక మరింత ఉంటుంది. స్పర్శ పోతే పోయేది దాంపత్య సుఖం మాత్రమే కాదు, అదొక్కటే అయినా చిన్న సంగతి కాదు. బిడ్డ చప్పరించినప్పుడు ఆ కబురు మొన నరాల ద్వారా మెదడుకు చేరి, ఆక్సిటోసిన్ విడుదలై పాలు చేపుకొస్తాయి. ఇంకా పిల్లల్ని కనాల్సిన అమ్మాయి ఈ మాట తెలియకుండా ఎలా సంతకం చేస్తుంది? పైగా మొద్దుబారిన చర్మానికి వేడినీళ్ల కాపడం పెడితే బొబ్బలెక్కేదాకా తెలియదు.

ముప్పులన్నీ ఏకరువు పెడితే పేషెంటు బెదిరిపోతుందని, జరిగే అవకాశం లేనివాటినీ చెప్పమంటే వైద్యం సాగదని వైద్యుల వైపు నుంచి వచ్చే మాట. రెండో మాటలో న్యాయం ఉంది. 2008 జనవరి 16న, పేషెంటు సమ్మతి గురించి నడిచిన సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు అదే అంది: ఎక్కడో అరుదుగా జరిగేవి చెప్పనక్కర్లేదు. కానీ చికిత్స తీరు, లాభం, గణనీయమైన ముప్పులు, వేరే మార్గాలు చెప్పి తీరాలనీ అంది. చనుమొన స్పర్శ మారడం అరుదైన ముప్పు కాదు, ఈ ఆపరేషన్ల వెంట తరచూ వచ్చేదే. ఇక బెదిరిపోవడం అంటారా, తెలిసి వెనక్కి తగ్గడం ఆమె నిర్ణయం, దాన్ని ఇంకొకరు ముందుగానే తీసుకోకూడదు. అమెరికాలో 2021 అక్టోబరు నుంచి, ముప్పులు రాసిన చెక్‌లిస్టును పేషెంటుతో చదివించే వైద్యులకు, ఆసుపత్రులకే ఇంప్లాంట్లు అమ్మాలని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కట్టడి చేసింది. డల్లాస్‌లో ఉన్న అక్క చేతికి వచ్చే కాగితం అనకాపల్లిలో ఉన్న చెల్లెలి చేతికీ రావాలి కదా.

ఇందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్, నియంత్రణకు మన రాష్ట్రంలో 2002 చట్టం ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా అయినప్పటి నుంచి అనకాపల్లికి సొంత యంత్రాంగమూ ఉంది. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్, రెన్యువల్ ఇచ్చేటప్పుడు తెలుగు సమ్మతి పత్రాన్ని షరతుగా పెట్టాలని జిల్లా అధికారులను కోరుతున్నాం. విశాఖలోనూ ఇదే జరగాలి. ఆ పత్రం ఆపరేషన్‌కు కనీసం వారం ముందు చేతికి రావాలి, థియేటర్ గుమ్మం దగ్గర కాదు. ఆపరేషన్‌కు ముందు, ఆరు నెలలకు, ఏడాదికి స్పర్శ పరీక్షించి కేసు షీట్‌లో రాయాలి. షుగర్ పేషెంట్ల పాదాలకు ఆనించి చూసే నైలాన్ పోగు ఇందుకు చాలు, ఖర్చూ లేదు. సమీరా కోహ్లీ కేసులో ఆమె మత్తులో ఉండగా తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని కోర్టు తేల్చింది. కాబట్టి ఆ పత్రంలో భర్త, తల్లి, అత్త సంతకాలకు గడి వద్దు. ఆపరేషన్ ఎవరికో ఆ మనిషి సంతకానికే ఉండాలి.