ఓడపద్దులలో మన యూళ్ళు

పదునెనిమిదవ శతాబ్దమున రైన్ నదీతీరపు జర్మన్ కుటుంబము లనేకములు రాటర్‌డామ్ రేవున తెరచాప ఓడల నెక్కి, అట్లాంటిక్ మహాసముద్రమును దాటి ఫిలడెల్ఫియా చేరినవి. ఓడకూలి చెల్లింపలేనివారు ఆ ఋణము తీరుదాక కొన్నేండ్లు పరుల యింట ఊడిగము చేసిరి. 1727 నుండి అచ్చట దిగిన జర్మన్ పురుషుల పేర్లు జాబితాల కెక్కుటచే, నేటి వారి సంతతివారు ఆ కాగితములను పట్టుకొని పూర్వుల జాడ తెలిసికొనుచున్నారు. చిత్తూరు, తిరుపతి సీమలవారికిని అట్టి పద్దు లున్నవి; మనమే వానిని చదువలేదు.

1860 అక్టోబరులో మద్రాసు విడిచిన ట్రూరో నౌక నవంబరు 16న డర్బన్ చేరినది మొదలు 1911 వరకు, ఇంచుమించు 1,52,000 మంది భారతీయులు దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకుతోటలు మున్నగువాని పనులకై ఒడంబడికపై వెళ్ళిరి. వారిలో అధికసంఖ్యాకులు మద్రాసున ఓడ యెక్కినవారే. అయిదేండ్ల గడువు, తొలియేట నెలకు 10 షిల్లింగుల జీతము, ఏటేట ఒక షిల్లింగు హెచ్చు. వానను, చెరువును నమ్ముకొన్న, నాడు చిత్తూరు సీమ చేరియున్న ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెలకు, అందును 1876–78 నాటి ధాతు కరువు పిమ్మట, ఈ మాట ఆశ గొల్పినదనుటలో వింత లేదు.

మద్రాసున నౌకాశ్రయము లేని ఆ తొలినాళ్ళలో ఓడ లోతునీట లంగరు వేసికొని నిలిచెడిది. మేకు లేక, కొబ్బరిపీచు త్రాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలల మీద లేచి పడుచు జనమును దానికడకు చేర్చెడివి. చెరువుకట్టయే తప్ప సముద్ర మెరుగని రైతుకూలీకి, ఒడిలో బిడ్డతో కూర్చున్న తల్లికి, ప్రయాణమునందలి మొదటి భయము ఆ నురుగులోనే కలిగియుండును.

1871లో నేటాల్ నుండి తిరిగివచ్చినవారు మద్రాసున తమ కడగండ్లను విన్నవింపగా, నేటాల్ ప్రభుత్వము 1872లో విచారణసంఘమును నియమింపవలసి వచ్చినది. ఋణము తీరిన జర్మన్ వలసదారు స్వతంత్రుడై భూమి సంపాదించుకొన గలిగెను. మనవాని గడువు తీరినను, 1895 శాసనము వానిపై ఏటేట 3 పౌనుల తలపన్ను మోపెను. 1913లో గాంధీజీ నడపిన సమ్మె ఫలితముగా 1914లో గాని అది తొలగలేదు.

డర్బన్ పద్దులలో ప్రతివానికి నొక సంఖ్య. ఆ ప్రక్కనే పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, ఊరు, తుదకు ఒంటిమీది పుట్టుమచ్చ. చిక్కంతయు జిల్లాపేరుతో వచ్చినది. నాడు చిత్తూరే ముఖ్యపట్టణముగా గల ఉత్తర ఆర్కాటునుండి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు 1911 ఏప్రిల్ 1న వేరుపడి చిత్తూరు జిల్లాలో చేరినవి. తిరుపతి 2022 ఏప్రిల్ 4న స్వయముగా జిల్లా యైనది. పద్దులో ఉత్తర ఆర్కాటని చదివిన మునిమనుమడు వేలూరు వైపు వెదకుచు మన యూళ్ళను దాటిపోవుట సహజము.

కావున నాటి తాలూకాల, గ్రామముల పేర్లను నేటి మండలములతో సరిపోల్చి ఒక పట్టికగా ప్రకటించుట రెండు జిల్లాల యంత్రాంగములకును, తిరుపతి విశ్వవిద్యాలయములకును తగిన పని. అందులకు గ్రామపటములు, రెవిన్యూ దస్త్రములు, ఓపిక గల కొందరు విద్యార్థులు చాలుదురు. పెరటాసి శనివారములలో డర్బన్ ఇండ్లలో నేటికిని గోవిందనామము వినబడుచున్నది. తిరుపతి కొండ యెక్కడ నున్నదో వారు మరువలేదు; ఆ కొండక్రింద తమ పల్లె యేదో చెప్పవలసిన బాధ్యత మనది.