బావికి హరీమ్ ఎంత?

 

మిరప కాపు మీదున్న రోజుల్లో నందిగామ సమీప గ్రామం నుండి ఇద్దరు రైతులు ఒక తగాదాతో మా వద్దకు వచ్చారు. ఒకరు మరింత లోతుగా బోరు వేయించగా, పొరుగువారి పాత బోరు ఎండిపోయింది. "నా పొలంలో నేను వేసుకున్నాను, తప్పేముంది హజ్రత్?" అన్నది మొదటివారి ప్రశ్న.

ఫిఖహ్ గ్రంథాల్లో బావి 'హరీమ్' ప్రస్తావన ఉంది. బంజరు నేలలో తవ్విన బావి చుట్టూ 40 మూరల మేర మరొకరు తవ్వరాదని హనఫీ పండితులు నిర్ణయించారు. నేటి బోర్లకు, సొంత పొలాలకు ఆ కొలత నేరుగా వర్తించదు. కాని దాని ఉద్దేశం స్పష్టం: మన తవ్వకం పొరుగువాని నోట మన్ను కొట్టరాదు. చివరకు కొత్త బోరు నీటిని వంతులవారీగా వాడుకొనేందుకు ఇరువురూ అంగీకరించారు.

భూగర్భ వేడిమితో విద్యుత్తు తీయడాన్ని గురించి చదివినప్పుడు ఈ తగాదాయే మాకు గుర్తుకు వచ్చింది. మణుగూరు సమీపంలోని పగిడేరులో, బొగ్గు అన్వేషణకై వేసిన బోరు నుండి వేడినీరు తనంతట తానే ఉబికివస్తోంది. సింగరేణి సంస్థ అక్కడ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ నీటి వేడికి త్వరగా మరిగే వేరొక ద్రవం ఆవిరై టర్బైనును త్రిప్పుతుంది. ఆ విద్యుత్తు 5 హెచ్.పి. మోటార్లు నాలుగింటికి సరిపోవచ్చు.

వేడినీరు లేని చోట మరో పద్ధతి ఉంది. లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుండి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. కొన్ని కిలోమీటర్ల లోతున ఉన్న వేడి రాతిలోకి ఒక బావి ద్వారా నీటిని ఒత్తిడితో పంపి, పగుళ్లను తెరచి, కాగిన నీటిని మరో బావి ద్వారా పైకి రప్పిస్తారు. పొగ లేదు, బూడిద లేదు. రాత్రింబవళ్లు విద్యుత్తు వస్తుంది. ఇబ్రహీంపట్నంలో బొగ్గు మండుతుంటే దీపం వెలిగించుకొనే జగ్గయ్యపేట, నందిగామ వాసులకు ఇది శుభవార్తే.

అయితే దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో ఇటువంటి ప్రయోగమే జరిగింది. 2017 నవంబరు 15న అక్కడ 5.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. అనేక ఇళ్లు దెబ్బతిన్నాయి, ఎందరో గాయపడ్డారు. లోతున పంపిన నీరే దానిని ప్రేరేపించిందని ప్రభుత్వం నియమించిన నిపుణులు 2019లో తేల్చారు. ఆ బావుల హరీమ్ 40 మూరలు కాదు, ఒక నగరమంత!

అందుచేత ఈ విద్యను కాదనరాదు. బొగ్గు పొగకు కూడా హరీమ్ ఉన్నది. దానిని మనం ఏనాడూ కొలవలేదు. రేపు ఏ సంస్థ అయినా మన మెట్టభూముల్లో లోతు తవ్వకానికి వస్తే, విద్యుత్తు ఎంత వస్తుందని అడిగే ముందు మూడు ప్రశ్నలు అడుగుదాము. హాని ఎంత దూరం పోగలదు? ఆ పరిధిలోని వారికి ముందుగా తెలిపారా? నష్టం జరిగితే భరించేదెవరు?

ఆ ఇద్దరు రైతులలో లోతుగా తవ్వినవారు మొదటి ప్రశ్న ముందే వేసుకొని ఉంటే, మా వద్దకు రావలసిన పనే ఉండేది కాదు.